కొబ్బరికాయకూ మీటరుకూ తేడా

మా ఊళ్లో నన్ను ‘నీళ్లు లేవనే పాప’ అంటారు. కంబదూరు వైపు పోయే ఏ బస్సు ఎక్కినా ఎవరో ఒకరు ఆ మాట అని నవ్వుతారు. నవ్వనీ. ఇక్కడ బోరు వెయ్యమని చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. వద్దని చెప్పేవాళ్లే తక్కువ. ఆ తక్కువ మందిలో ఒకదాన్ని అయినందుకు నేనెప్పుడూ తల దించుకోలేదు.

నేను చదివింది భూగర్భశాస్త్రం. భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పడం నా పని. నేలలోకి ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటికి తీగలు తగిలించి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటోందో మీటరులో చూస్తాను. గట్టి రాయి బాగా అడ్డుకుంటుంది. చితికి, తడిసిన రాయి అంతగా అడ్డుకోదు. ఆ తేడాను బట్టి కింద ఏముందో అంచనా వేస్తాను. బోరు వేయాల్సిన చోటును మా వైపు ‘పాయింటు’ అంటారు. పాయింటు పెట్టడానికి ఆడమనిషి రావడమే మొదట్లో వింతగా చూశారు. తర్వాత ఆ వింత పోయింది, నా మాటలోని చేదు మాత్రం మిగిలింది.

మా మామ కూడా పాయింట్లు పెడతాడు. ఆయన అమ్మకు తమ్ముడు. ఆయన దగ్గర మీటరు లేదు, కొబ్బరికాయ ఉంది. పీచు తీసిన కాయను అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి పొలమంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుందంటాడు. నిలబడడం నా కళ్లతో నేనే చూశాను. మామ మోసగాడని నేను ఏనాడూ అనలేదు. కాయ లేచినప్పుడు ఆయన చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అది నటన కాదు. ఆయన కోసం కళ్యాణదుర్గం నుంచి కూడా కార్లు పంపుతారు. నన్ను బస్సెక్కి రమ్మంటారు.

ఈ కథంతా మా నాయన చీనీ తోటతో, అంటే బత్తాయి తోటతో మొదలైంది. కానీ దానికంటే ముందు యూనివర్సిటీలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

ఎమ్మెస్సీలో ఒక సారు మాకు శాస్త్ర పద్ధతి గురించి పాఠం చెప్పేవారు. సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతులు మడిచి, ఏ మాటకూ గొంతు పెంచకుండా మాట్లాడేవారు. ఒకరోజు ఆయన అడిగారు: “మీరు చూసిన చోటల్లా రాయి పగిలిన దగ్గర నీళ్లు కనిపించాయి. చూడని చోట కూడా అంతేనని ఏ హక్కుతో అంటున్నారు?”

ముందు బెంచీలో ఒకతను లేచి, “ఇంతవరకూ అలాగే జరిగింది కదా సార్” అన్నాడు.

“ఇంతవరకూ జరిగినట్టే ఇకముందూ జరుగుతుందని ఎలా తెలుసు?”

“ఇంతకుముందు అలా అనుకున్నప్పుడల్లా సరిపోయింది సార్.”

“చూశారా, నేను దేన్ని శంకిస్తున్నానో దాన్నే సాక్ష్యంగా తెస్తున్నారు. నిందితుడినే పిలిచి, నువ్వు మంచివాడివేనా అని అడిగినట్టుంది” అన్నారు సారు.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, “సార్, ఇప్పుడు మీరు ఆ కుర్చీలో కూర్చుంటారు. అది విరగదని ఏ హక్కుతో అనుకుంటున్నారు?” అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, నిదానంగా కుర్చీలో కూర్చున్నారు. “హక్కు లేకుండానే కూర్చున్నానమ్మా. అలవాటు కొద్దీ. కానీ అలవాటును శాస్త్రమని పిలవలేం కదా” అన్నారు.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. హాస్టలుకు వెళ్లి అన్నం కలుపుకుంటూ కూడా ఆయనతో మనసులో పోట్లాడాను. నేను చదివిన చదువంతా, తీసుకున్న రీడింగులన్నీ ఒక్క అలవాటేనా? జవాబు దొరకలేదు. దొరకనంత మాత్రాన ఒప్పుకోవాలని మాత్రం నాకు అనిపించలేదు.

చదువు ముగిశాక ఊరికి దగ్గర్లోనే ఉండి ఈ పని పెట్టుకున్నాను. కొన్నేళ్లకు నాయన చీనీ చెట్లు ఎండు ముఖం పట్టాయి. పాత బోర్లు ఒకటొకటిగా వట్టిపోయాయి. వాటి నోళ్ల మీద నాయన బండరాళ్లు పెట్టాడు, మేకపిల్లలు పడకుండా. కాయలు నిమ్మకాయంత సైజులోనే పసుపెక్కి రాలుతున్నాయి. నాయన ఫోన్ చేసి, “పాపా, నీ మిషను ఎత్తుకొని రా. ఇంగో బోరు ఏచ్చాం” అన్నాడు.

వెళ్లి పొలం పొడవునా తీగలు పరిచాను. ఎండలో మేకులు ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. మేకు దిగిన చోట కరెంటు సాగేలా నేల తడపడానికి అమ్మ బిందెతో నీళ్లు పట్టుకుని నా వెనకాలే తిరిగింది. నీళ్లు వెతకడానికి నీళ్లు పోయాల్సి రావడం ఆమెకు నవ్వు తెప్పించింది. ఎక్కడ చూసినా మీటరు ఒకటే చెప్పింది. పైన కొంచెం మట్టి, దాని కింద గట్టి బండ, ఆ కింద ఇంకా గట్టి బండ. వాయవ్య మూల ఒక్కటి మిగిలింది. అక్కడ నల్లరాళ్లు గుట్టలా పడి ఉన్నాయి. తీగ పరవడానికి చోటు లేదు. పొలమంతా చూశాను కాబట్టి ఆ మూల కూడా ఇంతేనని రాసేసుకున్నాను.

సాయంత్రం వసారాలో నాయనతో, “యాడా లేవు నాయనా. బోరు ఏయొద్దు. సగం చెట్లు కొట్టేసి మిగతావి కాపాడుకుందాం” అన్నాను.

నాయన తోట వైపు చూశాడు. ఆ చెట్లను ఆయన పసిపిల్లల్లా పెంచాడు. “నిన్ను పిలిచింది నీళ్లు చూపిచ్చేకి. చెట్లు కొట్టేకి గొడ్డలి నా దగ్గర ఉండాది” అన్నాడు.

మర్నాడు మామ వచ్చాడు. నాయనే పిలిపించాడు. మామ తోటంతా తిరిగి ఆ నల్లరాళ్ల మూలకు వెళ్లి ఆగాడు. కాయ లేచింది. నాయన అక్కడ సున్నంతో గుర్తు పెట్టాడు.

నేను ఊరుకోలేదు. భోజనాల దగ్గర అందరి ముందే అడిగాను. “మామా, కాయ లేచిన చోట నీళ్లు పడతాయని ఎట్ల తెలుసు నీకు?”

మామ చెయ్యి కడుక్కుని నిదానంగా జవాబిచ్చాడు. “నువ్వు చదువుకున్నదానివి. నేనొకటి అడుగుతా చెప్పు. నీ మిషను చెప్పింది నిజమని ఎట్ల నమ్ముతాండావు?”

“ఇంతకుముందు చెప్పినచోట్ల నిజమైంది కాబట్టి.”

“నా కాయ కూడా అంతేలే. మా నాయన కాలం నుంచి చెప్పినచోట్ల నీళ్లు పడినాయి. నీది శాస్త్రం, నాది పిచ్చి అంటే ఎట్ల పాపా? ఇద్దరం నిన్నటిని చూసి రేపటిని చెప్తాండాం.”

నాకు చేతిలో ముద్ద ఆగిపోయింది. అదే ప్రశ్న. ఏసీ గదిలో సారు అడిగిన ప్రశ్నను మామ మా వసారాలో కూర్చుని, మజ్జిగ తాగుతూ అడుగుతున్నాడు. ఇద్దరికీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

“మరి నీ కాయ లేచినా నీళ్లు పడనివి?” అన్నాను.

“ఉంటాయి. అవి వాళ్ల నసీబు. బోరు వేసే గడియ బాగలేకుంటే కాయేం జేస్తుంది?”

“అదే తేడా మామా. పడితే నీ కాయ గొప్ప. పడకపోతే వాళ్ల నసీబు. నీ కాయ తప్పయ్యే దావే లేదు. నా మిషను తప్పయితే తప్పయిందని నేనంటా.”

“తప్పయ్యే మిషను నాకు యాల?” అన్నాడు మామ. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

బోరు లారీ వచ్చింది. చాలాసేపు తెల్లటి పొడి తప్ప ఏమీ రాలేదు. తోటంతా పిండి చల్లినట్టయింది. ఊరివాళ్ల జుట్టు, కనుబొమలు తెల్లబడ్డాయి. ఇది ఇంతేనని నేను లోపల అనుకున్నాను. అంతలో పొడి రంగు మారింది. నల్లటి ముక్కలు వచ్చాయి, తర్వాత బురద, ఆ తర్వాత మనిషెత్తు నీళ్లు లేచాయి. అమ్మ పరుగెత్తుకెళ్లి కుంకుమ తెచ్చింది. మామను భుజాల మీద ఎత్తుకున్నారు. నాయన తడిసిన బట్టలతో నా దగ్గరికి వచ్చి, “ఏమ్మా, యాడా లేవంటివే” అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఆయన సంతోషం అది.

“తప్పు చెప్పినా నాయనా. నీళ్లుండాయి” అన్నాను. “కానీ నేను తప్పయితే మామ రైటయినట్టు కాదు.”

చుట్టూ ఉన్నవాళ్లకు అది మొండితనంలా వినిపించింది. ఓడిపోయి కూడా కాలు మీద కాలేసుకుని కూర్చుందన్నారు. ‘నీళ్లు లేవనే పాప’ అన్న పేరు ఆరోజే పుట్టింది. పుట్టనిచ్చాను. కానీ నాకు నిద్ర పట్టనిది ఆ పేరు వల్ల కాదు, ఆ నల్లటి ముక్కల వల్ల.

వారం తిరగకముందే మళ్లీ వెళ్లాను. ఈసారి తీగను పొలం పొడవునా కాకుండా అడ్డంగా పరిచాను. మూలలో ఉన్న నల్లరాళ్లను ఇద్దరు మనుషులతో పక్కకు తీయించి, వాటి మధ్య నుంచే మేకులు దిగ్గొట్టాను. అప్పుడు మీటరు వేరే మాట చెప్పింది. ఆ నల్లరాళ్లు పైన పడినవి కావు. భూమి లోపల నుంచి గోడలాగా లేచిన నల్లరాతి అంచు అది. ఎర్ర బండను చీల్చుకుని, ఏనాడో కాగి ఉబికిన రాయి చల్లారి గోడై నిలిచింది. మా పొలం అంచు వెంబడే పోతోంది. నేను తీగ పరిచింది కూడా దాని వెంబడే. అందుకే ఒక్కసారి కూడా దాన్ని దాటలేదు. పైనుంచి భూమిలోపల జారి వచ్చే నీళ్లు ఆ గోడకు తగిలి, చెరువు కట్ట దగ్గర ఆగినట్టు ఆగుతున్నాయి. గోడకు ఎగువన రాయి చితికి ఉంది. అక్కడే, గోడ అంచును రాసుకుంటూ బోరు దిగింది.

అలాంటి గోడల గురించి నేను చదవకపోలేదు. నా కాలికింద ఒకటి ఉంటుందనుకోలేదు. చూసిన పొలాన్ని బట్టి చూడని మూలను తేల్చేశాను. సారు అడిగింది ఇదే కదా అని నాకే అనిపించింది. అయినా, ఆ తప్పును పట్టించింది కూడా ఇంకో చూపే, ఇంకో రీడింగే. వేరే ఏదీ కాదు.

మామ చింత కొమ్మ నీడలో కూర్చుని నేను చేసేదంతా చూశాడు. నేను గోడ సంగతి చెప్తే శ్రద్ధగా విన్నాడు. విని, “నీళ్లు పడినాక చెప్పేకి శాస్త్రమెందుకు పాపా? అది మా గొర్రెల కాపరి గూడా చెప్తాడు” అన్నాడు.

ఆ దెబ్బ న్యాయమైన దెబ్బ. జరిగాక కారణం అల్లడం ఎవరికైనా చేతనవుతుంది. జరగకముందు చెప్పాలి.

“సరే మామా. ముందే చెప్తా” అన్నాను.

నల్లరాతి గోడ మా పొలం దాటి, రోడ్డు కింద నుంచి అవతలికి పోతోంది. అవతల ఆడపిల్లల హాస్టలు ఉంది. అక్కడికి వేసవంతా ట్యాంకరు రావాలి. ట్యాంకరు రాని రోజు పిల్లలు తల స్నానం మానుకుంటారు. వార్డెను నడివయసు మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది. ఆమె బోరు వేయించాలని చూస్తోందని తెలిసి వెళ్లాను. రెండు రోజులు హాస్టలు స్థలంలో అడ్డంగా, నిలువుగా తీగలు పరిచాను. గోడ దొరికింది. ఎగువ వైపు ఒక చోట గుర్తు పెట్టి, “ఈడ పడతాయి. గోడకు ఆ పక్క పడవు” అని వార్డెనుకు చెప్పాను.

మామను కూడా వాళ్లు పిలిచారు. పిలవమని నేనే చెప్పాను. కాయ గోడకు దిగువ వైపు, వంటగది వెనక లేచింది.

ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదనుకున్నాను. ఒకే స్థలం, ఒకే గోడ, రెండు పక్కల రెండు పాయింట్లు. “మేడం, రెండూ వేయించండి” అన్నాను.

“ఒకదానికే శాంక్షనమ్మా” అంది ఆమె.

“అయితే మామది వేయండి. పడకపోతే నాది నిజమని తేలుతుంది.”

ఆమె నన్ను వింతగా చూసింది. “నాకు నీ నిజం వద్దు తల్లీ. పిల్లోళ్లకు నీళ్లు గావల్ల” అంది. పైగా భూగర్భశాస్త్రం చదివినవాళ్లు పెట్టిన పాయింటులోనే వేయాలని ఆఫీసు వాళ్ల షరతట. అలా నా పాయింటు గెలిచింది. నా వాదన గెలిచి కాదు.

లారీ వచ్చిన రోజు మామ కూడా వచ్చాడు. ఆయనను చూసి నేను దగ్గరికి వెళ్లి, అందరూ వినేలా, “ఈడ పడకపోతే నేను చెప్పిన గోడ లెక్క తప్పు. వాళ్ల నసీబు అనను. నేలది తప్పనను. నాది తప్పు అంటా” అన్నాను. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. గడుసుగా మాట్లాడి, లారీ పక్కనే నిలబడ్డాను.

పొడి వచ్చింది. చితికిన ఎర్రరాయి వచ్చింది. తర్వాత తడి. తర్వాత నీళ్లు. మా నాయన బోరులో లేచినంత ఎత్తు లేవలేదు, కానీ ఆగకుండా వచ్చాయి. పిల్లలు బక్కెట్లు పట్టుకుని బయటికి వచ్చేశారు. వార్డెను వాళ్ల మీద అరవబోయి మానేసింది.

మామ నా భుజం తట్టాడు. “బాగా చెప్పినావు పాపా” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కండువా దులుపుకుంటూ, “వంటగది ఎనక గూడా పడేటివే” అన్నాడు.

అక్కడ తవ్వలేదు. తవ్వని చోట గురించి ఎవరేమన్నా అనొచ్చు.

ఆ వారంలోనే సారుకు ఫోన్ చేశాను. రిటైరై పిల్లల దగ్గర ఉంటున్నారు. గొంతు మారలేదు. జరిగినదంతా చెప్పాను. చీనీ తోటలో తప్పడం, గోడ దొరకడం, ముందుగా చెప్పి నిలబెట్టుకోవడం, అన్నీ. ఆయన అడ్డు రాకుండా విని, “సంతోషం. నీ బోరులో నీళ్లు పడ్డాయి. నా ప్రశ్నలో పడలేదు” అన్నారు.

“తెలుసు సార్. గోడ దగ్గర నిన్న ఆగిన నీళ్లు రేపూ ఆగుతాయని నేను నిరూపించలేను. నిరూపించబోతే మళ్లీ నిన్నటినే సాక్షిగా పిలవాలి.”

“మరి?”

“మీరు ఇప్పుడు నాతో ఫోన్లో మాట్లాడుతున్నారు. నిన్న పనిచేసింది కాబట్టే ఇవాళా చెవి దగ్గర పెట్టుకున్నారు. నిన్నటిని నమ్మకుండా బతికే మనిషి ఒక్కడూ లేడు సార్. మీరు కూడా కాదు. నమ్మాలా వద్దా అన్నది మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది ఒక్కటే. తప్పినవాటిని కూడా లెక్కలోకి తీసుకుని నమ్ముతామా, దాచిపెట్టి నమ్ముతామా. మా మామ దాచిపెడతాడు. నేను దాచను. నాకు అంతే చాలు.”

“నీకు చాలు. తర్కానికి చాలదు” అన్నారు.

“అయితే తర్కాన్ని మా ఊరికి తీసుకొచ్చి బోరు వేయమనండి సార్.”

ఆయన గట్టిగా నవ్వారు. ఆయన నవ్వడం నాకు బాగుంది, కానీ నేను తమాషాకు అనలేదు. ఆ ప్రశ్నకు జవాబు లేదని నాకు తెలుసు. తెలిసే ఈ పని చేస్తున్నాను. కింద రాయి కనబడలేదని నేల మీద నడవడం మానుకుంటామా?

ఆ గోడ లెక్క నన్ను అన్నిచోట్లా కాపాడిందని చెప్పను. విడపనకల్లు వైపు నల్లరేగడి కింద ఇలాంటి గోడే దొరికింది. ధైర్యంగా ఎగువ వైపు పాయింటు పెట్టాను. చుక్క పడలేదు. ఆ రైతు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆయనకు ఆ హక్కుంది. మళ్లీ పోయి చూస్తే అక్కడ గోడే పగిలి ఉంది, నీళ్లు దాని గుండా జారిపోతున్నాయి. అప్పటి నుంచి గోడ దొరికితే చాలదు, అది ఎంత దూరం తెగకుండా ఉందో చూడాలని నేర్చుకున్నాను. ఇంకో చోట ఇంకోటి నేర్చుకుంటాను. నాయన బోరు ఈ వేసవిలో కొంచెం తగ్గింది. ఎగువ పొలాల్లో కొత్త బోర్లు లాగేస్తున్నాయా, గోడ వెనక దాచిన నీళ్లే అయిపోతున్నాయా, నాకింకా తెలియదు. తెలియదని నాయనకు చెప్పాను. “మామనడగనా?” అన్నాడు. “అడుగు. నేను గూడా చూస్తా” అన్నాను.

మొన్న కంబదూరు నుంచి ఒక రైతు తమ్ముడితో కలిసి మా ఇంటికి వచ్చాడు. వాళ్ల పొలం అప్పటికే చూసి పాయింటు పెట్టి ఉన్నాను. లారీని పిలిచేముందు మాట తీసుకోవడానికి వచ్చారు.

“గ్యారంటీ ఇస్తావా అక్కా?” అని పెద్దవాడు అడిగాడు.

“లేదన్నా. ఇయ్యను.”

“మీ మామ ఇస్తాడే.”

“ఇస్తాడు. తప్పితే ఆయన మీకు దొరకడు, మీ నసీబు దొరుకుతుంది. నేను పెట్టిన పాయింటు తప్పితే నా ఇల్లు ఇదే. రండి. యాల తప్పిందో మీ పొలంలోనే కూర్చుని ఎతుకుతా. అంతకంటే ఎక్కువ ఎవరైనా ఇస్తామంటే అబద్ధం.”

చిన్నవాడు ముఖం చిట్లించి, “తప్పుతాదేమో అని చెప్పేదానికి ఇంత చదువు యాల?” అన్నాడు.

“తప్పుతాదేమో అని చెప్పేకే ఇంత చదువు గావల్ల” అన్నాను.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మ ఇచ్చిన టీ తాగారు. చిన్నవాడు మామ దగ్గరికి పోదామన్నాడు, పెద్దవాడు గ్లాసు కింద పెట్టి లేచాడు. బండ్లెక్కి వెళ్లిపోయారు. ఏ దిక్కుకు వెళ్లారో నేను చూడలేదు. లోపలికి వెళ్లి మేకులకు పట్టిన తుప్పు గీరుతూ కూర్చున్నాను. రేపు వజ్రకరూరు దగ్గర ఒక పొలం చూడాలి. తీగను ఈసారి మొదటే అడ్డంగా పరవాలి.